జతలు పేర్చడమే నా ఉద్యోగం

రాజమండ్రి మే నెలలో క్రోమోజోములు సరిగ్గా విచ్చుకోవు. ఈ మాట మీ పాఠ్యపుస్తకాల్లో ఉండదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. స్లైడు మీద చుక్క వేసీ వేయగానే వడగాలికి ఆరిపోయి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉప్మా ముద్దలా కనిపిస్తాయి. అదే గోదావరి ఎర్రబడి, గోడలు చెమ్మగిల్లే రోజుల్లో వేస్తే, దేనికది హాయిగా పరుచుకుంటుంది. అందుకని ఎండాకాలంలో కెటిల్లో నీళ్లు మరిగించి, ఆ ఆవిరి మీద స్లైడు పట్టుకుని చుక్క వేసేవాళ్ళం. ల్యాబుకి వచ్చినవాళ్ళు టీ పెడుతున్నామనుకుని "మాకొద్దండీ, ఇప్పుడే తాగొచ్చాం" అనేవారు.

దానవాయిపేటలో ఒక ప్రైవేటు ల్యాబులో, క్రోమోజోముల విభాగంలో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. ఎమ్మెస్సీ జువాలజీ చదివి, లెక్చరర్ పోస్టు వచ్చేదాకా కాలక్షేపానికని చేరి, అక్కడే తల నెరిపించుకున్నాను. ప్రమోషన్ల గురించి చెప్పడానికేమీ లేదు. ఆ విభాగంలో చాలాకాలం ఉన్నదే ఇద్దరం. పైన మూర్తిగారు, కింద నేను. ఆయన రిటైరైతే తప్ప నేను పైకి వెళ్ళలేను, ఆయనేమో రిటైరయ్యే మనిషి కాదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఎలా ఉంటుందండీ అని అడుగుతుంటారు. ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు ఒక్క కుటుంబం కథ చాలు. కానీ దానికి ముందు పని అర్థం కావాలి కదా.

కత్తెర రోజులు

మన ఒంట్లో ఒక్కో కణంలోనూ నలభై ఆరు క్రోమోజోములుంటాయి. సగం అమ్మ ఇచ్చినవి, సగం నాన్న ఇచ్చినవి. అమ్మ ఇచ్చిన ఒకటో నంబరుకి నాన్న ఇచ్చిన ఒకటో నంబరు జత, రెండుకి రెండు జత, అలా ఇరవై మూడు జతలు. ఆడవాళ్ళలో చివరి జత కూడా చక్కగా కుదురుతుంది. మగవాళ్ళలో ఆ ఒక్క జతా పొడుగూ పొట్టీ దంపతుల్లా ఉంటుంది.

నేను చేరిన కొత్తలో కంప్యూటర్లు లేవు. మైక్రోస్కోపులోంచి ఫోటో తీసి, డార్కురూములో కడిగి, ఒక్కో క్రోమోజోమునీ చిన్న కత్తెరతో కత్తిరించి, పొడుగును బట్టీ అడ్డచారల్ని బట్టీ జత చేసి అట్ట మీద అంటించేవాళ్ళం. ఆ టైములో ఫ్యాను వేయకూడదు. ఒకసారి ఎవరో వేస్తే ఇరవై రెండో నంబరు ఎగిరిపోయింది. గదంతా నేల మీద పాకి వెతికాం. అది మూర్తిగారి చొక్కా జేబుకి అంటుకుని ఆయన ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు వాళ్ళావిడ దాన్ని పొట్లం కట్టి టిఫిన్ క్యారేజీలో పెట్టి పంపించారు.

ఇప్పుడు ఆ పనంతా సాఫ్ట్‌వేరు చేస్తోంది. చాలా బాగా చేస్తోంది, నేనేమీ ఏడవడం లేదు. కానీ జత అంటే రెండూ అచ్చు ఒకటే అని దాన్ని చూసి మీరు అనుకోకండి. మా అమ్మ పెట్టిన ఆవకాయా, మా అత్తగారు పెట్టిన ఆవకాయా రెండూ ఆవకాయలే. అవే దినుసులు, అదే వరుస, ఒకరు ఉప్పు ముందు వేసి ఒకరు మెంతులు మానేసే రకం కాదు. అయినా నాలిక్కి ఏది ఎవరిదో ఇట్టే తెలుస్తుంది. క్రోమోజోముల జత కూడా అంతే. ఒకే పనులు ఒకే వరుసలో రాసుంటాయి, చేతివాటం మాత్రం ఇద్దరిది. ఇందులో ఒక సుఖం కూడా ఉంది. ఒకరి ఆవకాయ బూజు పట్టినా రెండో జాడీతో ఏడాది గడిచిపోతుంది.

మేనరికాల భయం అక్కడే మొదలవుతుంది. ఒకే తాతగారి బూజు పట్టిన జాడీ అమ్మవైపునుంచీ నాన్నవైపునుంచీ వచ్చి ఒకే బిడ్డ దగ్గర కలిసే అవకాశం అలాంటి పెళ్ళిళ్ళలో ఎక్కువ. ఇది పెళ్ళికి ముందు చెప్పాల్సిన మాట. పెళ్ళయి, కడుపులు పోగొట్టుకుని, కుర్చీ అంచున కూర్చున్న పిల్లకి "మేనమామని చేసుకుంటే ఇంతేనమ్మా" అనే డాక్టర్లని చాలామందిని చూశాను. అది వైద్యం కాదు, దెప్పిపొడుపు.

మూర్తిగారు

మూర్తిగారు గొప్ప డాక్టరు, కష్టమైన మనిషి. పారేయాల్సిన స్లైడ్లు కడిగించి మళ్ళీ వాడించేవారు. రిపోర్టు మీద సంతకం పెట్టడానికి ఆయనకి రెండు రోజులు పట్టేది, ఎందుకంటే ప్రతి జతనీ మళ్ళీ మొదట్నుంచి చూసేవారు. బయట జనం "అయిందాండీ" అని నన్ను తినేసేవారు. అప్పట్లో తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ నెమ్మదికి దణ్ణం పెడతాను.

ఆయనది ఒక్కటే గట్టి నియమం. ఫోన్లో ఎవరికీ అంకె చెప్పకూడదు. "అంకె తొందరగా పరిగెడుతుందమ్మా, అర్థం దాని వెనకాల కుంటుకుంటూ వస్తుంది" అనేవారు. డాక్టరు అడిగినా సరే, రిపోర్టు చేతికొచ్చాక మాట్లాడదామనే చెప్పాలి. మేము దాన్ని పెద్దాయన చాదస్తం అనుకునేవాళ్ళం.

అమ్మమ్మే అత్తగారు

సుజాత, వెంకటరమణ కోనసీమలో ముమ్మిడివరం దగ్గర పల్లెనుంచి వచ్చారు. రమణగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. సుజాతకి సొంత మేనమామ. పెళ్ళయి ఎన్నేళ్ళయినా ఆయన్ని "మావయ్యా" అనే పిలిచేది. వాళ్ళతోపాటు వచ్చిన సత్యవతమ్మగారు రమణగారికి తల్లి, సుజాతకి అమ్మమ్మా అత్తగారూ కూడా. ఈ పెళ్ళి ఆవిడ పట్టుబట్టి చేసినదే. "బయటనుంచి తెచ్చుకుంటే ఆ పిల్ల మనకెందుకు అలవాటవుతుందండీ, ఇదైతే నా ఒళ్ళో పెరిగింది" అని మొదటిరోజే నాకు చెప్పారు. ఆవిడ ఇంట్లో పెళ్ళిళ్ళన్నీ మేనరికాలేనట.

సుజాతకి వరసగా కడుపులు పోతున్నాయి. మూడో నెలలో ఒకటి, రెండో నెలలో ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. చూసిన ప్రతి డాక్టరూ మేనరికం అనే అన్నారు. అన్నప్పుడల్లా ఆ పెద్దావిడ తలొంచుకునేవారట.

ఇద్దరి రక్తం తీసుకుని, కణాలు పెరిగేందుకు కల్చరు పెట్టాం. సుజాతకి నలభై అయిదు కనిపించాయి. రమణగారికీ నలభై అయిదే. ఇద్దరిలోనూ ఒక పదమూడో నంబరూ ఒక పద్నాలుగో నంబరూ తలలు ఆనించుకుని ఒకటిగా అతుక్కుపోయి ఉన్నాయి. అవతలి పదమూడూ పద్నాలుగూ మామూలుగా విడివిడిగానే ఉన్నాయి. ఇలా అతుకు ఉన్న మనిషికి ఏ రోగమూ ఉండదు, సరుకంతా ఉంది కాబట్టి. చిక్కల్లా పిల్లల్ని కనేటప్పుడే. జతలు విడిపోయి చెరిసగం పంచుకునే వేళ, అతుక్కున్నది ఒకటీ విడిగా ఉన్నవి రెండూ కలిసి మూడవుతాయి. పంపకం ఒక్కోసారి సరిగ్గా కుదురుతుంది, ఒక్కోసారి తప్పుతుంది. తప్పినప్పుడు కడుపు నిలవదు. ఇక్కడ భార్యాభర్తలిద్దరికీ అదే చిక్కు.

మూర్తిగారు సత్యవతమ్మగారి రక్తం కూడా అడిగారు.

"నాకేం రోగమండీ, నా రక్తం ఎందుకు?" అన్నారావిడ.

"రోగం కోసం కాదమ్మా, దారి కోసం" అన్నారు మూర్తిగారు.

ఆవిడలోనూ అదే అతుకు ఉంది. అక్కడినుంచి కొడుక్కి వెళ్ళింది, పెద్దకూతురి ద్వారా మనవరాలికీ వెళ్ళింది. మీకూ కడుపులు పోయాయా అని అడిగితే, "పోయే ఉంటాయండి, ఆ రోజుల్లో ఉన్నవాళ్ళని లెక్కపెట్టుకునేవాళ్ళం గానీ పోయినవాళ్ళని కాదు" అన్నారు. ఈసారి నిలిస్తే ఉమ్మనీరు పరీక్ష చేద్దాం, బిడ్డ క్షేమంగా ఉండే అవకాశం బాగానే ఉందని చెప్పి పంపించాం.

ప్రసన్న పోగొట్టుకున్న నలభై ఆరు

మరుసటి ఏడు సుజాతకి నిలిచింది. మూడో నెల దాటింది, నాలుగో నెల దాటింది. ఉమ్మనీరు తీసి కల్చరు పెట్టాం. ఫలితానికి రెండు వారాలు పడుతుందని చెబితే సత్యవతమ్మగారు వారం తిరక్కుండానే ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని దిగారు.

"ఆడో మగో నువ్వు చెప్పకూడదట, నాకు తెలుసు. నేనడగను. ఊరికే, గౌను కుట్టించనా, చొక్కా కుట్టించనా అని అడుగుతున్నానంతే" అన్నారు.

"జైలు బట్టలు కుట్టించండి, మీకూ నాకూ" అన్నాను. ఆవిడ నవ్వి, పూతరేకులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు మా దగ్గర ప్రసన్న అని కొత్తగా చేరిన అమ్మాయి ఉండేది. చురుకైన పిల్ల, స్లైడ్లు తయారైన రోజున పొద్దుటినుంచీ మైక్రోస్కోపు ముందునుంచి లేవలేదు. మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి "మేడమ్, ఒక్క మంచి కణం కూడా దొరకట్లేదు. అన్నిట్లోనూ రెండు పడిపోయాయి" అంది. స్లైడు మీద చుక్క గట్టిగా పడితే కణం చిట్లి ఒకటి రెండు జారిపోవడం మామూలే. అలాంటివి వదిలేసి నలభై ఆరూ ఉన్న కణం కోసం వెతుకుతాం. ఆ పిల్ల అదే చేస్తోంది. కానీ జారిపోయేవి ఒక్కో కణంలో ఒక్కో లెక్కన జారాలి. అన్ని కణాల్లోనూ సరిగ్గా రెండే ఎలా పోతాయి? నేను కూర్చుని చూశాను. ప్రతి కణంలోనూ నలభై నాలుగు.

నేను మూర్తిగారిని పిలవడానికి వెళ్ళిన ఆ కాస్త సేపట్లో ఫోను మోగింది. సుజాతని చూస్తున్న లేడీ డాక్టరుగారు. ప్రసన్న "నలభై నాలుగు వస్తోందండీ, ఇంకా చూస్తున్నాం" అని చెప్పేసింది. ఆవిడ వెనకాలి మాట వినలేదు. రెండు క్రోమోజోములు లేని బిడ్డ బతకదు, బతికినా కష్టమే, తీయించేద్దామని సాయంత్రమే ఆ కుటుంబానికి చెప్పి, మర్నాటికి ఆసుపత్రిలో మంచం కూడా మాట్లాడేశారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ అంకె విన్న ఏ డాక్టరైనా అలాగే అనుకునేవారు.

ఇదేమీ తెలియక మేమిద్దరం జతలు పేర్చుకుంటున్నాం. ఒకటి, రెండు, మూడు, అన్నీ బాగున్నాయి. పదమూడు దగ్గర ఖాళీ. పద్నాలుగు దగ్గర ఖాళీ. చివరికి పేర్చకుండా మిగిలినవి రెండు. రెండూ అతుక్కున్నవే. అదే పొడుగు, అవే చారలు. తల్లి ఇచ్చిన అతుకు ఒకటి, తండ్రి ఇచ్చిన అతుకు ఒకటి. మూర్తిగారు వాటిని పక్కపక్కన పెట్టి చారలన్నీ మళ్ళీ మొదట్నుంచి చూశారు.

"ఏం పోయింది చెప్పు" అన్నారు చివరికి.

"ఏమీ పోలేదండి" అన్నాను. పదమూడులు రెండు, పద్నాలుగులు రెండు, అంతా అక్కడే ఉంది. అతుకు దగ్గర తలమీది చిన్న తునకలు పోతాయి గానీ, అలాంటివి వేరే క్రోమోజోముల మీద బోలెడున్నాయి. వాటివల్ల నష్టం లేదు. తల్లిలో ఆ అతుక్కున్నదానికి సరైన జోడీ లేదు, తండ్రిలోనూ లేదు. ఈ బిడ్డలో రెండూ ఒకదానికొకటి జతయ్యాయి. ఇరవై రెండు జతలు, ఒక్కటీ ఒంటరిది కాదు. నేను పేర్చినవాటిల్లో అంత అందమైన అట్ట ఇంకొకటి లేదు. నాకు నిజంగా కళ్ళనీళ్ళొచ్చాయి.

"ఇలాంటివాళ్ళు అక్కడక్కడా ఉన్నారని చదివాను. చూడటం ఇదే" అన్నారు మూర్తిగారు. అప్పుడు ప్రసన్న తలుపు దగ్గర నిలబడి ఫోను సంగతి చెప్పింది.

పంచెల చాపు

ఆ సాయంత్రమే ఇంటికి ఫోను చేయిస్తే, తీయించేయాలన్న మాట అప్పటికే వాళ్ళకి చేరిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళేలోపు ల్యాబుకి రమ్మన్నాం. ముగ్గురూ వచ్చారు. సుజాత చేతిలో బట్టల సంచీ ఉంది. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

మూర్తిగారు ప్రసన్నని ఒక్క మాటా అనలేదు. తన పక్కనే కుర్చీ వేయించి కూర్చోబెట్టారు, అంతే. తిట్టినా ఆ పిల్లకి అంత గట్టిగా తగిలేది కాదు.

రమణగారు లెక్కల మాస్టారు కదా, సూటిగా అడిగారు. "నలభై ఆరులోంచి రెండు పోతే లోటే కదండీ."

"మీరు పోయాయంటున్నారు మాస్టారూ. నేను కలిశాయంటున్నాను" అని మూర్తిగారు బొమ్మ చూపించారు. పదమూడు ఎక్కడుందో, పద్నాలుగు ఎక్కడుందో, చారలు లెక్కపెట్టించి మరీ చూపించారు. ఆయనకి అర్థమవుతోంది గానీ నమ్మకం కుదరడం లేదు. సత్యవతమ్మగారికి అసలు అర్థం కావడం లేదు. నేను లేచి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"పెళ్ళిళ్ళకి పంచెల చాపు పెడతారు కదమ్మా. మగ్గం మీద రెండు పంచెలూ కలిపే నేస్తారు. కత్తిరించకపోతే ఎన్ని అంటారు?"

"చాపు ఒకటంటాం" అన్నారావిడ.

"బట్ట తక్కువైందా?"

ఆవిడ నా ముఖంలోకి చూశారు. "తక్కువెందుకవుతుందమ్మా, కత్తిరించలేదంతేగా."

"పుట్టబోయే బిడ్డ దగ్గర అలాంటి చాపులు రెండున్నాయి. లెక్కపెట్టినప్పుడు రెండు తగ్గాయి, బట్ట తగ్గలేదు."

సుజాత మూర్తిగారి వైపు తిరిగి "బిడ్డ బాగుంటుందని మీరు చెబుతున్నారా అండీ?" అంది. అందరూ ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. అప్పుడు ఆయన చెప్పిన జవాబు మీరు గుర్తుపెట్టుకోవాలి. "ఈ లెక్కవల్ల బిడ్డకి ఏ కష్టమూ రాదమ్మా, అది నా సంతకంతో రాసిస్తాను. ఇంక ఏ బిడ్డకైనా ఉండే భయాలు ఉంటాయి, మేనరికం కాబట్టి కొంచెం ఎక్కువుంటాయి. వాటికి నేను హామీ ఇవ్వలేను. స్కానింగు మాత్రం శుభ్రంగా ఉంది. ఉంచుకోవడం, మానడం మీ ఇష్టం. లేనిదాన్ని చూసి భయపడి మాత్రం తీయించుకోకండి." అబద్ధపు ధైర్యం ఒక్క చుక్క కలపలేదు. అందుకే నమ్మారనుకుంటాను.

సుజాత మొగుడివైపు చూసింది. "మావయ్యా, ఇంటికెళ్ళిపోదాం" అంది. రమణగారు సంచీ తన చేతిలోకి తీసుకుని "ఆయ్, వెళ్ళొస్తామండీ" అని లేచారు. మూర్తిగారు ఆ డాక్టరుగారి దగ్గరికి తనే ఆటో ఎక్కి వెళ్ళి, ఎదురుగా కూర్చుని వివరించి వచ్చారు. ఫోను చేయలేదు.

అన్నవరంనుంచి తిరిగొస్తూ

ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడు రక్తం పరీక్ష చేస్తే అవే నలభై నాలుగు. పిల్లకి అయిదో నెలలో అన్నవరంలో వ్రతం చేయించుకుని తిరిగి వెళ్తూ, విస్తరాకులో ప్రసాదంతో ల్యాబుకి వచ్చారు. బొద్దుగా, నల్లగా, పెద్ద గొంతుతో ఉంది. ప్రసన్న ఎత్తుకోగానే ఆ అమ్మాయి కళ్ళజోడు పీకేసింది. మూర్తిగారు బయటికొచ్చి చూసి "మనకంటే రెండు తక్కువతోనే కానిచ్చేస్తోంది, పొదుపైన పిల్ల" అన్నారు. ఆయన జోకు వేయడం నేను చూసిందే తక్కువ.

సత్యవతమ్మగారు మాత్రం ఏదో మనసులో పెట్టుకుని ఉన్నారు. అందరూ పిల్ల చుట్టూ మూగాక నన్ను పక్కకి పిలిచారు. "రేపు ఇది పెద్దదై కాపరానికెళ్తే, దీనికీ సుజాత పడ్డ బాధేనా తల్లీ?"

నేను ఆలోచించి చెప్పాను. సుజాతలో మూడింటి పంపకం కాబట్టి తేడా వచ్చేది. ఈ పిల్లలో ఉన్నవి రెండే, ఒకటి అటూ ఒకటి ఇటూ వెళ్తాయి, తగువు లేదు. బయటి సంబంధం చేస్తే, ఈ కారణంగా దీనికి ఒక్క కడుపు కూడా పోదు. దీని పిల్లలకి తలా ఒక అతుకు వస్తుంది, అప్పుడు వాళ్ళు మాలాంటివాళ్ళకి చూపించుకోవాలి. మీ ఇంట్లోనే మళ్ళీ ఈ అతుకు ఉన్న పిల్లాడికిస్తే మాత్రం చిక్కు మళ్ళీ మొదలు.

ఆవిడ పిల్లవైపు చూశారు. "మా చిన్నమ్మాయి కొడుక్కి దీన్ని ఇస్తానని మొన్న బారసాలనాడే మాటిచ్చేశాను. నా నోటితోనే" అన్నారు. తర్వాత పమిట సర్దుకుని, "రేపే వెళ్ళి వద్దని చెప్పేస్తాను. మాట తప్పిందంటే అననీ" అన్నారు.

సుజాత ఎప్పుడొచ్చిందో మా వెనకాల నిలబడి అంతా వింది. ఇన్ని పరీక్షల్లోనూ, ఆ సంచీ పట్టుకుని వచ్చిన రోజున కూడా, తను మా ముందు ఏడవలేదు.

"అయితే మేడమ్, కడుపులు పోవడం నాతోనే ఆగిపోయినట్టేనా? దీనిదాకా రాదా?"

"ఆగిపోయిందమ్మా. దీనిదాకా రాదు" అన్నాను.

సుజాత అక్కడే గోడకి ఆనుకుని, అమ్మమ్మ భుజం మీద తలపెట్టి, పోయినవాళ్ళందరి కోసం అప్పుడు ఏడ్చింది.